జవాబు వచ్చేదాకా ఆగండి

అందరికీ నమస్కారం.

మొదలుపెట్టే ముందు రెండు మాటలు. ఈ హాల్లో లైట్లు తగ్గించమని నేనే అడిగాను. చప్పట్లు కొట్టాలనిపిస్తే రెండు చేతులూ పైకెత్తి ఊపండి చాలు, నాకు కనబడుతుంది. మధ్యలో లేచి తిరగాలనిపించినా, బయటికి వెళ్లి రావాలనిపించినా మొహమాటపడకండి. నేను కాగితం చూసి చదువుతాను, మీ కళ్లలోకి చూడను. చూస్తూ మాట్లాడాల్సి వస్తే ధ్యాసంతా చూపు మీదికే పోయి, చెప్పాల్సింది జారిపోతుంది.

నాకు ఆటిజం ఉందని 31వ ఏట తెలిసింది. ఆ తర్వాత రెండేళ్లకు ఒక సంస్థ వాళ్లు ఫోన్ చేశారు. ఆటిజం ఉన్న పెద్దవాళ్ల కోసం కొత్త కార్యక్రమం పెడుతున్నాం, సలహా సంఘంలో మీరూ ఉండండి అన్నారు. ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. మీటింగ్ రోజు ముందుగా ఒక పది నిమిషాలు నా కథ చెప్పించుకున్నారు. చిన్నప్పుడు బళ్లో పడ్డ పాట్లు, నిలవని ఉద్యోగాలు, అన్నీ చెప్పాను. ఇద్దరు ముగ్గురు కళ్లు తుడుచుకున్నారు కూడా. తర్వాత అసలు చర్చ మొదలైంది. ఎవరిని చేర్చుకోవాలి, రోజుకు ఎన్ని గంటలు నడపాలి, ఎవరి చేతిలో పెట్టాలి. అధ్యక్షులవారు నా వైపు తిరిగి, "మీరేమంటారండీ?" అన్నారు.

నాకు ప్రశ్న అర్థమైంది. జవాబూ ఉంది. అది లోపలి నుంచి నోటిదాకా రావడానికి నాకు ఒక 15 సెకన్లు పడుతుంది, టెన్షన్‌లో ఉంటే ఇంకాస్త ఎక్కువ. ఆయన ఐదో సెకనుకే నవ్వి, "పర్లేదు, ఇబ్బంది పడకండి" అని పక్కాయన వైపు తిరిగారు. నా మాట నోటికొచ్చేసరికి వాళ్లు రెండు అంశాలు దాటిపోయారు. వారం తర్వాత మీటింగ్ మినిట్స్, అంటే ఆ రోజు చర్చ నమోదు, పంపారు. సభ్యులందరి అభిప్రాయాలూ తీసుకున్నామని అందులో రాసుంది. కింద పేర్లలో నా పేరూ ఉంది.

ఆయన మంచివారే. నన్ను నలుగురిలో ఇరుకున పెట్టకూడదనుకున్నారు. కానీ నాకు ఆ రోజు జరిగిన అన్యాయం ఆ మంచితనంలోనే ఉంది. నన్ను పిలిచారు, కుర్చీ వేశారు, 15 సెకన్లు మాత్రం ఇవ్వలేకపోయారు. ఈ రోజు నేను చెప్పాలనుకున్నదంతా ఆ సెకన్ల గురించే.

మేం చేసే పనిని స్వీయ ప్రాతినిధ్యం అని రాస్తున్నారు. మాలో మేం సెల్ఫ్ అడ్వకసీ అనే అంటాం. మా బతుకు గురించి మేమే చెప్పడం, మా మీద తీసుకునే నిర్ణయాల్లో మా మాట చెల్లడం. ఈ పని మాతో మొదలవలేదు. 1973లో అమెరికాలో రిహాబిలిటేషన్ చట్టం వచ్చింది. ప్రభుత్వ డబ్బు తీసుకునే ఏ సంస్థా వికలాంగుల పట్ల వివక్ష చూపకూడదని అందులోని 504వ సెక్షన్ చెబుతుంది. చెప్పడమైతే చెప్పింది గానీ, దాన్ని అమలు చేసే నిబంధనల మీద నాలుగేళ్లయినా సంతకం పడలేదు. 1977 ఏప్రిల్‌లో వందమందికి పైగా శాన్ ఫ్రాన్సిస్కోలోని ఫెడరల్ భవనంలోకి వెళ్లి బైఠాయించారు. వాళ్లను ముందుండి నడిపినవాళ్లలో జూడీ హ్యూమన్ ఒకరు. చక్రాల కుర్చీల్లో ఉన్నవాళ్లు, చూపు లేనివాళ్లు, రోజూ మరొకరి సాయం కావలసినవాళ్లు మూడు వారాలు దాటినా అక్కడినుంచి కదల్లేదు. అధికారులు ఫోన్లు కట్ చేశారు. అప్పుడు బధిరులు కిటికీల దగ్గర నిలబడి, బయట ఉన్నవాళ్లకు సైగల భాషలో కబుర్లు అందించారు. ఏప్రిల్ 28న సంతకం పడింది. ఈ కిటికీల సంగతి నేను ఎక్కడ మాట్లాడినా చెబుతాను. మాట అంటే నోటి మాటే అనుకునేవాళ్లకు ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఆటిజం విషయానికొస్తే, చాలాకాలం సంఘాలన్నీ తల్లిదండ్రులవీ డాక్టర్లవీ. అందుకు కారణం ఉంది. తల్లి ప్రేమగా చూడకపోవడం వల్లే బిడ్డకు ఆటిజం వచ్చిందని ఒకప్పుడు వైద్యులే నిందించారు. ఆ నిందను ఎదిరించి తల్లిదండ్రులు సంఘాలు పెట్టుకున్నారు, బళ్ల కోసం కొట్లాడారు. వాళ్ల కష్టాన్ని నేను తక్కువ చెయ్యను. కానీ ఆ పిల్లలు పెద్దవాళ్లయ్యాక కూడా వేదిక మీద వాళ్ల గురించి వేరేవాళ్లే మాట్లాడుతూ ఉండిపోయారు. 1992లో జిమ్ సింక్లెయిర్ మరికొందరు ఆటిస్టిక్ వ్యక్తులతో కలిసి ఆటిజం నెట్‌వర్క్ ఇంటర్నేషనల్ పెట్టారు. 1996 నుంచి ఆ సంస్థ ఆట్రీట్ అనే సమావేశం జరిపింది. ఆటిస్టిక్ వ్యక్తులు తమకు వీలైన పద్ధతిలో తామే నడుపుకున్న కూడిక అది.

వాళ్ల నుంచి మాకందిన ఒక చిన్న వస్తువు మీకు చూపిస్తాను. ఇదిగో, నా మెడలో ఉన్న ఈ బ్యాడ్జీ. ఎరుపు వైపు తిప్పితే ఎవరూ పలకరించకండి అని. పసుపైతే, ఇంతకుముందే పరిచయం ఉన్నవాళ్లు మాత్రం మాట్లాడొచ్చు. పచ్చ అంటే మీరు అనుకుంటున్నది కాదు. నాకు మాట్లాడాలని ఉంది, మొదలుపెట్టడం చేతకావడం లేదు, దయచేసి మీరే వచ్చి పలకరించండి అని దాని అర్థం. మొదటిసారి దీని గురించి తెలిసినప్పుడు నేను ఏడ్చాను. ఎన్ని పెళ్లిళ్లలో, ఎన్ని ఆఫీసు పార్టీల్లో గోడ పక్కన ఆ పచ్చ బ్యాడ్జీ లేకుండా నిలబడ్డానో నాకు తెలుసు. పొగరు అనుకున్నారు అందరూ.

2006లో ఆటిస్టిక్ సెల్ఫ్ అడ్వకసీ నెట్‌వర్క్ మొదలైంది. మరుసటి ఏడాది డిసెంబరులో న్యూయార్క్ విశ్వవిద్యాలయానికి చెందిన పిల్లల మానసిక వైద్య కేంద్రం కొన్ని ప్రకటనలు వేయించింది. ఆటిజం బిడ్డను ఎత్తుకెళ్లి, కిడ్నాపర్‌లా తల్లిదండ్రులకు చీటీ రాసినట్టు ఉంటాయవి. నెట్‌వర్క్ వాళ్లు ఇతర వికలాంగుల సంస్థలను కలుపుకొని ఉత్తరాలు రాశారు, ఫోన్లు చేశారు. ఆ నెల తిరక్కుండానే ప్రకటనలు ఆగిపోయాయి. అప్పటికి ఆ నెట్‌వర్క్ వయసు ఏడాదికి అటూ ఇటూ. చిన్న సంఘం ఏం చేయగలదని మీలో ఎవరికైనా అనుమానం ఉంటే ఇది గుర్తుపెట్టుకోండి.

ఆ ప్రకటనలు ఎక్కడో వచ్చాయనుకోకండి. "ఆటిజంతో బాధపడుతున్న చిన్నారులు" అని మన పత్రికలు రాసే మాట దానికి దగ్గరి చుట్టమే. నేను బాధపడే సందర్భాలు ఉన్నాయి. తలమీద ట్యూబ్‌లైట్ జుయ్యిమంటుంటే బాధపడతాను, చెప్పకుండా ప్రోగ్రాం మారిస్తే బాధపడతాను, ఐదో సెకనుకే మొహం తిప్పుకుంటే మరీ బాధపడతాను. మీరు రాసేటప్పుడు ఆటిస్టిక్ అని రాయండి, ఆటిజం ఉన్న అని రాయండి, ఎదుటి మనిషిని అడిగి వాళ్లకు నచ్చింది రాయండి. "బాధపడుతున్న" మాత్రం ఆపేయండి.

ఇప్పుడు నన్ను అందరికన్నా ఎక్కువగా అడిగే ప్రశ్న. తల్లులే అడుగుతారు. "మీరు చక్కగా మాట్లాడుతున్నారు. మా వాడికి మాటే రాదు. వాడి తరఫున మీరెలా మాట్లాడతారు?" ఇది న్యాయమైన ప్రశ్న. వాడి తరఫున నేను మాట్లాడలేను, మాట్లాడకూడదు కూడా. వాడు చెప్పేదాకా గదిలో అందరినీ ఆపడం ఒక్కటే నేను చేయగల పని.

మేం నడిపే చిన్న గ్రూపుకు 19 ఏళ్ల అబ్బాయి ఒకడు వస్తాడు. నోటితో మాట్లాడడు. ట్యాబ్‌లో బొమ్మలు నొక్కి చెబుతాడు. వాడు వెళ్లే డే సెంటర్‌కు బయల్దేరాలంటే మూడు నెలలుగా పొద్దున్నే పెద్ద గొడవ. నేల మీద పడిపోవడం, చెయ్యి కొరుక్కోవడం. సెంటర్ నచ్చలేదు, మాన్పించేద్దామని ఇంట్లో నిర్ణయానికి వచ్చేశారు. ఆ రోజు అమ్మ నాకు ఇదంతా చెబుతుంటే, వాడు పక్కనే కూర్చుని వింటున్నాడు. వాణ్నే అడుగుదాం అన్నాను. "సెంటర్‌లో నీకు ఏం వద్దు?" అని అడిగి ట్యాబ్ వాడి ముందు పెట్టాను.

మొదటి నిమిషం ఏమీ లేదు. వాడు కిటికీ వైపు చూస్తున్నాడు. అమ్మ నోరు తెరిచింది, ఆగమని చెయ్యి చూపించాను. వేలు స్క్రీన్ మీదకు వచ్చింది, అంచు చుట్టూ రెండుసార్లు తిరిగింది, వెనక్కి పోయింది. మళ్లీ వచ్చింది. "బస్సు" నొక్కాడు. అమ్మ, "సెంటరు గురించి కదా నాన్నా అడుగుతోంది" అంది. వాడు మళ్లీ "బస్సు" నొక్కాడు. తర్వాత చాలాసేపు వెతికి "చెవి". చివరికి "వద్దు". గోడ గడియారం చూశాను, దాదాపు నాలుగు నిమిషాలు పట్టింది. వాడు కూర్చునే సీటు డోరు పక్కనే ఉందట, తలుపు తీసిన ప్రతిసారీ అక్కడ బీప్ మోగుతుందట. వెనక సీటు ఇప్పించారు, చెవులకు హెడ్‌ఫోన్లు కొన్నారు. ఇప్పుడు చాలా రోజులు వెళుతున్నాడు, కొన్ని రోజులు వెళ్లడు. ఆ అమ్మ నాతో అంది, "ఇన్నేళ్లూ వాడి బదులు నేనే చెబుతూ వచ్చానండీ." నిష్ఠూరంగా కాదు, నెమ్మదిగా అంది. వాడి పొద్దుటి గొడవ కూడా మాటే. మూడు నెలలు వాడు అదే మాట చెబుతున్నాడు, మనం మొండితనం అని పేరు పెట్టాం.

చట్టం మన వైపే ఉంది. ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడికను 2006 డిసెంబరు 13న ఆమోదించింది, 2008 మే 3న అది అమల్లోకి వచ్చింది. వికలాంగులకు సంబంధించిన నిర్ణయాల్లో వాళ్లతో, వాళ్ల సంస్థలతో సంప్రదించి తీరాలని 4వ అధికరణం చెబుతుంది. 12వ అధికరణం ఇంకా ముందుకు వెళుతుంది. చట్టం ముందు అందరితో సమానంగా నిర్ణయం తీసుకునే హక్కు ప్రతి ఒక్కరికీ ఉంది, అందుకు సాయం కావాలంటే ఆ సాయం అందించాలి. బదులు నిర్ణయించడం వేరు, నిర్ణయించుకోవడానికి సాయపడడం వేరు. 2018లో ఆ ఒడంబడిక కమిటీ మరో విషయం స్పష్టం చేసింది. వికలాంగులే నడిపే సంస్థలు వేరు, వికలాంగుల కోసం ఇతరులు నడిపే సంస్థలు వేరు, సంప్రదించేటప్పుడు మొదటివాటికే పెద్దపీట వేయాలి. తెలుగులో ఒక్క "కోసం" తేడా. ఆ ఒక్క మాటలోనే ఎన్నేళ్లు పోయాయో!

ఇక మీరు రేపు చేయగలిగేది. మీటింగ్‌లో అడగబోయే ప్రశ్నలు కనీసం మూడు రోజుల ముందు రాసి పంపండి. అడిగాక మనసులో 30 లెక్కపెట్టండి. అప్పటికీ జవాబు రాకపోతే, "ఇంకా సమయం కావాలా, తర్వాత రాసి పంపుతారా?" అని అడగండి. రాసి పంపిన జవాబుకు నోటి జవాబుతో సమానమైన విలువ ఇవ్వండి. చర్చ జరిగిన రోజే తీర్మానం చేయకండి. మరో విషయం, ఇది కొందరికి నచ్చదు: డాక్టర్‌గారికి, లాయర్‌గారికి సలహా ఫీజు ఇస్తూ ఆటిస్టిక్ సభ్యులకు శాలువా కప్పి పంపకండి. మాదీ నైపుణ్యమే, డబ్బు ఇవ్వండి.

ఇదంతా తేలిక అని చెప్పను. మా గ్రూపులోనే ఒకరికి హమ్ చేస్తూ ఉంటే తప్ప మనసు కుదుటపడదు, ఇంకొకరికి ఆ శబ్దం సూదుల్లా గుచ్చుకుంటుంది. ఇద్దరిదీ హక్కే. ఇప్పుడు రెండు గదులు వాడుతున్నాం, తలుపు తీసి ఉంచుతాం. కిందటేడాది ఒక సమావేశం నేనే నడిపాను. టైమ్ అయిపోతోందన్న కంగారులో, టైప్ చేస్తున్న ఒకావిడను దాటేసి తర్వాతి అంశానికి వెళ్లిపోయాను. ఆవిడ రాస్తున్న వాక్యం సగంలో ఆగిపోయింది. నా 15 సెకన్ల కథ వందమందికి చెప్పిన మనిషిని, ఆ పని నేనే చేశాను. ఆ రాత్రి క్షమాపణ రాశాను. మర్నాడు ఆవిడ ఆ వాక్యం పూర్తి చేసి పంపింది. మా తీర్మానం అప్పటికే అయిపోయింది. దాన్ని వెనక్కి తీసుకుని మళ్లీ చర్చకు పెట్టాం.

నా మాటలు అయిపోయాయి. ప్రశ్నలు అడగండి. మైకులో అడగొచ్చు, తలుపు దగ్గర ఉన్న చీటీల మీద రాసి ఇవ్వొచ్చు. ఇంటికి వెళ్లాక గుర్తొస్తే నిర్వాహకులకు పంపండి, నాకు అందుతుంది. మీరు అడిగాక నేను కాసేపు మాట్లాడకుండా ఉంటాను. జవాబు వెతుక్కుంటున్నానని అనుకోండి.