ఫస్టియర్లోనే అడగండప్పా

స్టేజీ మీదున్న సార్లకు, మేడమ్‌లకు నమస్కారం. ఎదురుగా కూర్చున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు కూడా. నన్ను స్ఫూర్తిగా ఏమైనా మాట్లాడమన్నారు, అది నాకు రాదు గానీ డబ్బు గురించి మాట్లాడతా, ఎందుకంటే మెస్ బిల్లు టైంకి ఇంటికి ఫోన్ చేస్తే శెనక్కాయలు అమ్మినాక పంపుతాంలే నాయనా అనే మాట మన అనంతపురం హాస్టళ్లలో ఎంతమంది వింటారో నాకు తెలుసు, నేనూ విన్నా.

స్కాలర్‌షిప్పులు మనకు రావులే, అవన్నీ హైదరాబాద్ వాళ్లకు, ఐఐటీ వాళ్లకు అనుకుంటాం కదా. పీజీ ఫస్టియర్ అంతా నేను అట్లే అనుకుంటా గడిపేసినా. సెకండియర్లో తెలిసింది, యూజీసీది, అంటే యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్‌ది, పీజీ స్కాలర్‌షిప్ ఒకటుంది, నెలకు 15,000, ఏడాదికి 10 నెలలు, దేశం మొత్తం మీద 10,000 మందికి, అందులో 30 శాతం ఆడపిల్లలకు. సరే అప్లై చేద్దామని పోతే అది ఫస్టియర్ వాళ్లకే. అయిపాయ. అందుకే మీకు ఇప్పుడే చెప్తున్నా.

కొంతమందికి అడగాలంటే నామోషీ. అంబేద్కర్ గారు 1913లో కొలంబియాకు పోయింది బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్ మీదే, నెలకు పదకొండున్నర పౌండ్లు, మూడేళ్లు. తిరిగొచ్చి పదేళ్లు బరోడా సంస్థానంలో పని చేయాలని ఒప్పందం కూడా రాయించుకున్నారు. మన జేఆర్ఎఫ్‌కి, అంటే పీహెచ్‌డీ చేసేవాళ్లకు నెలనెలా ఇచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్‌కి, అట్లాంటి బాండ్ ఏం లేదు.

జేఆర్ఎఫ్ అంటే 2023 జనవరి నుంచి నెలకు 37,000, రెండేళ్ల తర్వాత ఎస్ఆర్ఎఫ్, అంటే సీనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ కింద 42,000, ఇంటి అద్దెకు హెచ్ఆర్ఏ వేరే. దానికి యూజీసీ నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష రాయాలి, పేపర్ వన్ 50 ప్రశ్నలు, పేపర్ టూ 100, నెగెటివ్ మార్కులు లేవు, కాబట్టి ఒక్క ప్రశ్న కూడా వదలొద్దు. తెలుగు ఎంఏ వాళ్లు భయపడేది పేపర్ వన్‌కి, అది ఇంగ్లీషులోనో హిందీలోనో ఉంటాది, రోజుకు అరగంట దానికి పెట్టండి చాలు. వయసు 30 దాటకూడదు, ఆడపిల్లలకు, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ వాళ్లకు ఇంకో ఐదేళ్లు. పెళ్లయిందని పుస్తకాలు మూట గట్టేసిన అక్కలు మీ ఇళ్లలో ఉంటే ఈ మాట వాళ్లకు చెప్పండి.

సైన్స్ వాళ్లూ, మీలో ఎవరికైనా యూనివర్సిటీ ఫస్ట్ ర్యాంకు వస్తే పీహెచ్‌డీకి కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖ ఇచ్చే ఇన్‌స్పైర్ ఫెలోషిప్ చూడండి, అదీ జేఆర్ఎఫ్ అంత డబ్బే. గోల్డ్ మెడల్ ఫోటో స్టేటస్‌లో పెట్టుకోని ఆడికే ఆగిపోయినోళ్లు నాకు తెలుసు.

ఇంక అసలు సంగతి. మనోళ్లు ఎక్కువ దెబ్బ తినేది పరీక్షలో కాదు, కాగితాల్లో. మన దగ్గరుండేది బీసీ ఏ, బీసీ బీ, బీసీ డీ అని రాష్ట్రం సర్టిఫికెట్, నెట్‌కి పనికొచ్చేది సెంట్రల్ ఫార్మాట్లో ఓబీసీ నాన్ క్రీమీలేయర్, అంటే ఓబీసీల్లో బాగా ఉన్నోళ్లం కాదని చెప్పే సర్టిఫికెట్, రెండూ ఒకటి కాదు. రాష్ట్రం లిస్టులో ఉన్న కులం కేంద్రం లిస్టులో ఉంటాదని గ్యారంటీ కూడా లేదు, ముందు అది చూసుకోండి. నేను దాని కోసం ఒక ఆఫీసు చుట్టూ నాలుగు సార్లు తిరిగినా, మూడోసారి దాకా నేనడిగేది వాళ్లకు అర్థం కాలా, నాకూ సరిగ్గా చెప్పడం రాలా. లాస్ట్ డేట్ ముందు రోజు పోతే ఎవరూ ఏం చేయలేరు.

బ్యాంకు ముచ్చట ఇంకోటి. డబ్బు పడేది మీరు ఫారంలో రాసిన అకౌంట్లో అనుకుంటారు, కాదు, ఆధార్‌కి సీడింగ్ అయిన దాంట్లో, అంటే సర్కారు డబ్బు పడేందుకు ఆధార్ నంబరుకు జోడించిన అకౌంట్లో పడతాది. నాకు నాలుగు నెలల డబ్బు ఇంటర్‌లో తీసిన పాత అకౌంట్లో పడింది, ఆ పాస్‌బుక్కేమో మా అమ్మ ట్రంకు పెట్టెలో, చీరల కింద. నాలుగు నెలలు అప్పు చేసి తిన్నా, డబ్బేమో ఆడ ఉంది!

మీటింగ్ అయిపోయినాక లైబ్రరీ వెనక చెట్టు కింద కూర్చుంటా, ఆధార్, టెన్త్ మెమో ఫోన్లో పెట్టుకోని రండి. ఒకదాంట్లో ఇంటిపేరు పూర్తిగా, ఇంకోదాంట్లో ఒట్టి ఇనీషియల్ ఉన్నోళ్లు ముందు రండి, మీకే ఎక్కువ టైం పడతాది.