గంటకు 13 పౌండ్ల జీతం, నా లెక్కలో ఎంత?

హాయ్ అండీ, అందరూ బాగున్నారా? టైం పొద్దున్న 6:20. నవంబర్ కదా, బర్మింగ్‌హామ్‌లో ఇంకా చీకటే. బస్ స్టాప్‌లో నిలబడి మాట్లాడుతున్నాను, గాలి మోత ఎక్కువుంటే ఏమీ అనుకోకండి.

"అక్కా, కేర్ జాబ్‌కి గంటకు 13 పౌండ్లట కదా, ఇంకేం కావాలి?" అంటుంటారు తెలిసినవాళ్లు. ఇవాళ ఆ 13 పౌండ్ల సంగతే చూద్దాం. ఇళ్ల లోపల మాత్రం కెమెరా తియ్యను. మంచం మీదున్న మనిషికి స్నానం చేయించేది వీడియో తీసి చూపించేది కాదు. రోడ్డు మీద నన్నే భరించండి.

ఇవాళ 12 కాల్స్. కాల్ అంటే ఫోన్ కాదండోయ్. పెద్దవాళ్ల ఇంటికెళ్లి లేపి, కడిగి, మందులిచ్చి, తినడానికేదైనా పెట్టి రావడం. ఒక్కోదానికి అరగంట. లోపలికెళ్లగానే ఫోన్‌లో స్కాన్ చెయ్యాలి, వచ్చేటప్పుడు మళ్లీ స్కాన్. ఆ రెండు స్కాన్ల మధ్య టైంకే జీతం.

మొదటి కాల్ 7 గంటలకి. ఆవిడకి 84 ఏళ్లు. కాళ్ల వాపుకి బిగుతు మేజోళ్లు వెయ్యాలి. అవి మడమ దగ్గర మొండికేస్తాయి. గట్టిగా లాగామా, ఆ వయసులో చర్మం ఊడొస్తుంది. గ్లౌజులు వేసుకుని, ముడత పడకుండా కొంచెం కొంచెం పైకి జరపాలి. రెండు కాళ్లకీ కలిపి 10 నిమిషాలు. తర్వాత టోస్ట్. అంచులు కోసిస్తేనే తింటుంది. "కాసేపు కూర్చో, లవ్" అంటుంది రోజూ. నేనేమో బ్యాగ్ భుజాన వేసుకునే కబుర్లు చెబుతాను.

7:30కి బయటపడ్డాను. రోటాలో, అంటే డ్యూటీ టైంటేబుల్‌లో, తర్వాతి కాల్ ఎన్నింటికో తెలుసా? 7:30కే! మధ్యలో 20 నిమిషాల నడక ఉంది. రెక్కలు కట్టుకుని ఎగరాలి కాబోలు.

ఇక్కడ యూకేలో కనీస వేతనం 1999 నుంచి అమల్లో ఉంది. 21 ఏళ్లు, ఆపైన ఉన్నవాళ్లకి 2025 ఏప్రిల్‌లో దాన్ని గంటకు 12.21 పౌండ్లు చేశారు. ఒక కాల్ నుంచి ఇంకో కాల్‌కి వెళ్లే టైం కూడా ఆ లెక్కలోకి రావాల్సిందే. మన ఇంటి నుంచి మొదటి కాల్‌కి వెళ్లేది మాత్రం రాదు.

ఇప్పుడు నా లెక్క. 12 అరగంటలంటే 6 గంటలు, 78 పౌండ్లు. దారిలో పోయింది 2 గంటలు. 78ని 8 గంటలకి పంచితే 9.75. నెలంతా కలిపినా ఇంచుమించు ఇంతే వస్తోంది. కాల్స్ లేని ఖాళీ గంటలు నేను కలపనేలేదు. ఆ టైంలో లైబ్రరీలో కూర్చుంటాను, అక్కడ వెచ్చగా ఉంటుంది.

మరి కంపెనీ వాళ్లని అడగొచ్చు కదా అంటారు. వీసా స్పాన్సర్ చేసింది వాళ్లే. ఉద్యోగం పోతే ఇంకో స్పాన్సర్‌ని వెతుక్కోవడానికి మామూలుగా 60 రోజులే ఇస్తారు. నోరు దానంతటదే మూతబడుతుంది. ఏకాస్ అని ఉద్యోగ సమస్యలు చూసే సంస్థ ఉంది, ఫోన్ చేస్తే ఉచితంగా సలహా ఇస్తారు. పేరు చెప్పకుండా ప్రభుత్వానికి ఫిర్యాదు కూడా చెయ్యొచ్చు. నేనింకా అంత దూరం వెళ్లలేదు. ప్రస్తుతానికి ఈ చిన్న పుస్తకంలో ఏ ఇంట్లోంచి ఎన్నింటికి బయటపడ్డానో, తర్వాతి ఇంటికి ఎన్నింటికి చేరానో రాసుకుంటున్నాను. మీరూ ఇదే పనిలో ఉంటే ఇవాళే మొదలుపెట్టండి. పేస్లిప్‌లో ఇవేవీ ఉండవు, రేపు ఎవరైనా అడిగితే చూపించడానికి ఇదే ఉంటుంది.

టైం రాత్రి 9:50. ఇప్పుడే గదికొచ్చాను, షూస్ కూడా విప్పలేదు. రేపటి రోటా వచ్చేసింది. 13 కాల్స్. మేజోళ్ల పెద్దావిడ కాల్ ఎదురుగా చూడండి, అరగంట తీసేసి 15 నిమిషాలు పెట్టారు. టోస్ట్ అంచులు ఎప్పుడు కొయ్యాలో మరి.