సెప్టెంబరు 23 అయిపోయాక సైన్ లాంగ్వేజ్ సంగతేంటి?

హోస్ట్: నమస్కారం. సెప్టెంబరు 23 అంతర్జాతీయ సంజ్ఞా భాషల దినోత్సవం. ఆ ఒక్క రోజు దాటాక సంగతేంటో చెప్పడానికి ఇవాళ మనతో సైన్ లాంగ్వేజ్ ఇంటర్‌ప్రెటర్ ఒకరు ఉన్నారు. మేడమ్, బధిరుల భాష గురించి ఆడియో షో అంటే మీకు నవ్వు రాలేదా?

అతిథి: వచ్చింది! మొత్తం రాసి కూడా పెడతామన్నారు కాబట్టి ఒప్పుకున్నాను. అయితే రాతతో పనైపోయిందనుకోకండి. పుట్టుకతో వినపడని చాలామందికి తెలుగు రెండో భాష. మనం ఇంగ్లీషు లీగల్ నోటీసు చదివినట్టు వాళ్లు తెలుగు పేరాలు చదవాల్సి వస్తుంది. సైన్ వీడియో కూడా చేయించండి.

హోస్ట్: తప్పకుండా. అసలు సైన్ లాంగ్వేజ్ అన్ని దేశాల్లోనూ ఒకటే కదా?

అతిథి: అందరూ ముందు అడిగేది ఇదే. కాదండీ. ఇంగ్లీషు అక్షరాలనే తీసుకోండి. మన ఐఎస్‌ఎల్‌లో, అంటే భారతీయ సంజ్ఞా భాషలో, ఎక్కువగా రెండు చేతులతో చూపిస్తాం, అమెరికా వాళ్లు ఒక చేత్తో. వ్యాకరణం కూడా సొంతమే. ‘నువ్వు ఎక్కడ ఉంటావు’ అని అడగాలంటే ముందు ‘నువ్వు’, తర్వాత ‘ఉండటం’, చివర్లో ‘ఎక్కడ’. అక్కడ ముఖం కూడా అడగాలి. ముఖం బిగదీసుకుని చేతులే ఆడిస్తే అది ప్రశ్నలా ఉండదు. కొత్తగా నేర్చుకునేవాళ్లు సిగ్గుపడేది ఇక్కడే.

హోస్ట్: ప్రభుత్వాలు ఏమైనా చేశాయా?

అతిథి: చేయలేదని అనను. 2015లో ఢిల్లీలో ఐఎస్‌ఎల్ పరిశోధన, శిక్షణ కేంద్రం పెట్టారు. 2018లో 3,000 పదాలతో మొదలైన వాళ్ల నిఘంటువు 2021కి 10,000కు చేరింది. ఎన్‌సీఈఆర్‌టీ బడి పుస్తకాలను సైన్‌లోకి తేవడానికి 2020లో ఒప్పందం కుదిరింది. 2023లో సుప్రీంకోర్టులో ఒక బధిర లాయర్ ఇంటర్‌ప్రెటర్ సాయంతో విచారణలో పాల్గొన్నారు. అయినా రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లో ఉన్న 22 భాషల్లో ఐఎస్‌ఎల్ లేదు. న్యూజిలాండ్ 2006లోనే తమ సైన్ లాంగ్వేజ్‌ను అధికార భాష చేసుకుంది. దక్షిణాఫ్రికా 2023లో చేసింది.

హోస్ట్: మనకూ ఆ హోదా వస్తే చాలా?

అతిథి: రావాలి, వస్తే గట్టిగా అడగొచ్చు. కానీ నా గోల ఇంట్లోంచి మొదలవుతుంది. బధిర పిల్లల్లో ఎక్కువమంది అమ్మానాన్నలు వినగలిగేవాళ్లే. వాళ్లకి సైన్ రాదు. భోజనాల దగ్గర అందరూ ఏదో అనుకుని పగలబడి నవ్వుతుంటారు. పిల్లాడు అమ్మని మోచేత్తో పొడిచి ఏంటని అడుగుతాడు. ‘ఏం లేదులే, తర్వాత చెప్తా’ అని చెయ్యూపేస్తుంది. ఆ ‘తర్వాత’ ఎప్పటికీ రాదు. ప్రేమ లేక కాదు, చెప్పడానికి భాష లేక.

హోస్ట్: సైన్ నేర్పితే పిల్లలకి మాటలు రావేమోనని భయపడతారు కదా?

అతిథి: ఆ భయం పాతదే. 1880లో మిలాన్‌లో బధిరుల చదువు మీద జరిగిన అంతర్జాతీయ సభ, నోటిమాటే నేర్పాలి, సైన్ వద్దని తీర్మానించింది. దాని దెబ్బకి ఎన్నో దేశాల్లో బడుల్లోంచి సైన్‌నీ, బధిర టీచర్లనీ పక్కకి నెట్టేశారు. 2010లో వాంకోవర్‌లో అదే సదస్సు ఆ తీర్మానాలను తిరస్కరించింది. 130 ఏళ్లు పట్టింది! హియరింగ్ ఎయిడ్ పెట్టించండి, ఆపరేషన్‌తో చెవి లోపల అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్ చేయించండి, నాకేం అభ్యంతరం లేదు. అది కుదురుకునే దాకా పిల్లని ఏ భాషా లేకుండా కూర్చోబెట్టకండి, అంతే.

హోస్ట్: మరి నేర్చుకోవాలంటే?

అతిథి: బధిర టీచర్ దగ్గర నేర్చుకోండి. వాళ్ల భాష వాళ్లే నేర్పాలి, ఆ ఫీజూ వాళ్లకే వెళ్లాలి. ఐఎస్‌ఎల్ బోధనలో డిప్లొమా చేసిన బధిరులు ఉన్నారు, బడులు వాళ్లని ఉద్యోగంలోకి తీసుకోవాలి. ఇక ఆసుపత్రుల వాళ్లకి ఒక మాట. ఇంటర్‌ప్రెటర్‌ని పిలిచి, ‘ఆయనకి నొప్పి ఎప్పట్నుంచి?’ అని నన్ను అడుగుతారు. ఆయన ఎదురుగానే ఉన్నారు కదండీ, ఆయన్నే చూసి అడగండి. ఎనిమిదేళ్ల కూతుర్ని ఇంటర్‌ప్రెటర్‌గా వాడుకోవడం అయితే పూర్తిగా మానేయాలి. అమ్మకి వచ్చిన జబ్బు పేరు ఆ పిల్ల నోటితో చెప్పించడం ఏం న్యాయం?

హోస్ట్: వచ్చే సెప్టెంబరు 23న, అంతర్జాతీయ సంజ్ఞా భాషల దినోత్సవానికి, మిమ్మల్ని సభకి పిలిస్తే వస్తారా?

అతిథి: వస్తాను. మాట్లాడేవాళ్లలో బధిరులు ఎంతమంది ఉన్నారని ముందు అడుగుతాను. ఇంకోటి, స్లైడ్లు వేసేటప్పుడు స్టేజీ లైట్లు ఆర్పేయకండి. చీకట్లో సైన్ కనబడదు!