14 నెలల్లో పోయిన ఓవర్‌డ్రైవ్: విప్పితే లోపల ఏముందో చూడండి

నమస్తే అండి. ముందుగా ఈ శబ్దం వినండి.

విన్నారా? కంకర మర ఆడుతున్నట్టు లేదూ? అది నా బండే. గుంటూరు నుంచి విజయవాడ వెళ్తూ, నాగార్జున యూనివర్సిటీ దాటాక, కాజ టోల్ ప్లాజా ఇంకాస్త దూరం ఉందనగా ఫోన్‌లో తీసింది. ఆ రోజు నేను తిట్టుకున్న తిట్లు మాత్రం కట్ చేసేశాను. మా అమ్మ కూడా ఈ వీడియోలు చూస్తుంది మరి.

పోయిన ఏడాది ఇదే బండికి ఓవర్‌డ్రైవ్, అంటే ఇంజిన్ తక్కువ తిరిగినా బండిని వేగంగా నడిపించే అదనపు గేరు యూనిట్, బిగించానని సంబరంగా ఒక వీడియో పెట్టాను. అది చూసి చాలామంది ఎక్కడ కొన్నావు, ఎంతయింది అని అడిగారు. కొందరు కొన్నారు కూడా. వాళ్ళకు ఈ వీడియో బాకీ ఉన్నాను. తయారు చేసినవాళ్ళ పేరు మాత్రం చెప్పను. తప్పులో వాళ్ళ వాటా ఎంత, నా వాటా ఎంత అనేది ఈ వీడియో చూశాక మీరే తేల్చండి.

బండి తెలియనివాళ్ళ కోసం ఒక్క నిమిషం. పాత మహీంద్రా జీపు, డీజిల్. వెనక సీట్లు తీసేసి పికప్ బాడీ కట్టించాం. గేర్లు నాలుగే. నాలుగో గేరు డైరెక్ట్, అంటే ఇంజిన్ ఒక చుట్టు తిరిగితే గేర్‌బాక్స్ వెనక షాఫ్టూ ఒక చుట్టే. వెనక ఇరుసులో షాఫ్ట్ బలాన్ని చక్రాలకు అందించే గేర్ల జత ఉంటుంది, క్రౌన్ పినియన్ అంటారు. దాని పళ్ళు లెక్కపెట్టాను: పెద్దదానికి 43, చిన్నదానికి 8. చక్రం ఒక్క చుట్టు తిరగాలంటే షాఫ్ట్ ఐదు చుట్లు దాటి తిరగాలన్నమాట. దుక్కి పొలంలో, బురదలో ఇది ఏనుగు. హైవే ఎక్కిందా, పాపం, 60లోనే ఇంజిన్ దాదాపు 2,400 చుట్లు తిరుగుతూ అరుస్తుంది. 75 చేస్తే పక్క సీట్లో కూర్చున్నవాళ్ళతో సైగలతో మాట్లాడుకోవాల్సిందే.

ఓవర్‌డ్రైవ్ చేసేది సరిగ్గా ఈ బాధకు మందు. నేను వేసిన దాంట్లో నాలుగు చుట్లు లోపలికి వెళ్తే ఐదు చుట్లు బయటికి వస్తాయి. అంటే బండి 75లో పోతున్నా ఇంజిన్‌కు మాత్రం 60లో ఉన్నట్టే ఉంటుంది. అమెరికా పికప్ ట్రక్కుల వాళ్ళు గేర్ వెండార్స్ అని ఇంకో రకం వాడతారు. 0.78 రేషియో, అంటే 78 చుట్లు లోపలికి వెళ్తే 100 బయటికి వస్తాయి. ఎడ్గర్ డి నార్మన్‌విల్ అనే ఇంగ్లీష్ ఇంజనీర్ రూపొందించిన లేకాక్ ఓవర్‌డ్రైవ్ వంశంలోది అది. ఆయిల్ ప్రెషర్ మీద పనిచేస్తుంది. మన జీపుకు పడేది అంత పెద్ద సరుకు కాదు. గేర్‌బాక్స్ నుంచి వచ్చే బలాన్ని ముందు, వెనక చక్రాలకు పంచే డబ్బా ట్రాన్స్‌ఫర్ కేసు. దాని వెనక గుండ్రటి మూత ఒకటుంటుంది చూడండి, ఇంజిన్ బలంతో బయటి యంత్రాలు నడిపే పీటీఓ బిగించే చోటు. ఆ మూత తీసి, లోపలున్న మెయిన్ గేరు తీసేసి, దాని స్థానంలో ఈ ముద్దను దూర్చడమే. క్యాబిన్‌లోకి ఇంకో లెవర్ వస్తుంది. యూనిట్ 38,000, బిగింపు కూలి 3,500 అయింది నాకు.

పాత వీడియోలో నేను పొగిడిన మాటలు వెనక్కి తీసుకోవడం లేదు. శబ్దం నిజంగానే తగ్గింది. చిలకలూరిపేట రోడ్డు మీద మొదటిసారి పాట వినపడింది నాకు ఆ బండిలో. డీజిల్ కూడా ఖాళీ బండికి లీటరుకు ఒక కిలోమీటరు దాకా కలిసొచ్చింది. స్పీడోమీటర్ తప్పు చూపించదు, ఎందుకంటే దాని కేబుల్ ఓవర్‌డ్రైవ్ దాటాక ఉంటుంది. అంతవరకు నూటికి నూరు మార్కులు.

ఇక పోయిన కథ.

ఆ రోజు తెల్లవారుజామున మిర్చి యార్డులో 11 టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దింపి, ఖాళీ బండితో విజయవాడ బయలుదేరాను. టోల్ దగ్గర పడుతోంది కదా అని యాక్సిలరేటర్ మీద కాలు తీశాను. టక్ అని లెవర్ దానంతటదే బయటికి వచ్చేసింది. ఇంజిన్ ఒక్కసారిగా గుయ్ మంది, బండిలో మాత్రం లాగుడు లేదు. మళ్ళీ వేశాను, గరగరమని మళ్ళీ వచ్చేసింది. పక్కకు తీసి ఆపాను.

నాలాగే మీరూ అనుకుంటారని చెబుతున్నా, ఫోర్ వీల్ వేస్తే ముందు చక్రాలతోనైనా కదులుతుందేమో అనుకున్నాను. కదలదు. ట్రాన్స్‌ఫర్ కేసులోకి బలం వచ్చే దారే ఈ ఓవర్‌డ్రైవ్. అది న్యూట్రల్‌లో ఉంటే ముందూ లేదు, వెనకా లేదు. ఇంకో ప్రమాదం ఉంది, ఇది జాగ్రత్తగా వినండి. బండిని గేరులో పెట్టి దిగిపోయే అలవాటు మనందరికీ ఉంది. ఓవర్‌డ్రైవ్ లెవర్ మధ్యలో ఉంటే గేరు బండిని ఆపదు, జారిపోతుంది. హ్యాండ్ బ్రేక్ డ్రమ్ము ట్రాన్స్‌ఫర్ కేసు వెనక ఉంటుంది కాబట్టి అది పట్టుకుంటుంది. కానీ పాత జీపు హ్యాండ్ బ్రేకును నమ్మి దిగినవాణ్ణి ఇంతవరకు నేను చూడలేదు. చక్రం కింద రాయి పెట్టండి.

కాసేపు చూసి లెవర్‌ను డైరెక్ట్ వైపు లాగాను. పడింది. వదిలితే మళ్ళీ వచ్చేస్తుందేమోనని భయం. బాడీలో టిక్కీల మూతులు కుట్టే పురికొస ఉండ దొరికింది. లెవర్‌ను సీటు కాలికి వేసి బిగించి కట్టాను. ఇదిగో, ఆ ముడి ఫోటో. 30 దాటకుండా, వారధి మీద వెనకవాళ్ళ హారన్లన్నీ భరిస్తూ విజయవాడ ఆటోనగర్ చేరాను.

డైరెక్ట్‌లో ఎలా నడిచిందని మీకు అనుమానం రావచ్చు. ఈ యూనిట్ లోపల మధ్యలో ఒక గేరు, దాని చుట్టూ మూడు చిన్న గేర్లు ఉంటాయి. ప్లానెట్ గేర్లంటారు. డైరెక్ట్‌లో మొత్తం ఒకే ముద్దగా తిరుగుతుంది, చిన్న గేర్లు తమ చుట్టూ తాము తిరగవు. ఓవర్‌డ్రైవ్ వేసినప్పుడే వాటికీ, వాటి లోపలున్న సూది బేరింగులకూ పని పడేది. అందుకే డైరెక్ట్ బతికింది.

ఆటోనగర్‌లో మా గేర్‌బాక్స్ మేస్త్రి ముందు డ్రెయిన్ బోల్ట్ తీసి, ఆయిల్‌ను పాత తెల్ల పంచె ముక్క మీద వడకట్టించాడు. కెమెరా దగ్గరికి తెస్తున్నా చూడండి. ఈ మెరుపు కనిపిస్తోందా? మంగళగిరి చీర అంచు జరీలాగా? అది ఇత్తడి. అయస్కాంతం పెడుతున్నా, కొంత అంటుకుంది, అది ఉక్కు పొడి. మిగతా మెరుపు అలాగే ఉండిపోయింది. డ్రెయిన్ బోల్ట్‌కు అయస్కాంతం ఉందని ధీమాగా ఉండకండి, ఇత్తడి దానికి చిక్కదు.

యూనిట్ విప్పాక ఇవి బయటపడ్డాయి. ఇది స్లీవ్, లెవర్ కదిపితే జరిగి డైరెక్ట్‌కో ఓవర్‌డ్రైవ్‌కో పళ్ళు పట్టించేది. దీని పళ్ళ అంచులు ఒక వైపు పదునుగా ఉన్నాయి. ఓవర్‌డ్రైవ్ వైపు చూడండి, నాన్నమ్మ పన్నులా గుండ్రంగా అరిగిపోయాయి. లెవర్ జారిపోయింది అందుకే. ఇది ప్లానెట్ గేరు పిన్ను. గోరుతో గీకితే గాడి తగులుతోంది. ఇక ఈ సూదులు, తెల్లగా ఉండాల్సినవి నీలం తిరిగాయి. నీలం అంటే కాలిపోయిందని అర్థం.

మేస్త్రి వాటిని అరచేతిలో పోసుకుని చూసి ఒకే మాటన్నాడు: "ఇది బరువుకి పోలేదబ్బాయ్, దాహానికి పోయింది."

ఈ యూనిట్‌కు విడిగా ఆయిల్ ఉండదు. ట్రాన్స్‌ఫర్ కేసులోని ఆయిలే ఒక కన్నం గుండా ఇందులోకి రావాలి. ఆ కన్నం ఇదిగో. సగానికి పైగా మూసుకుపోయి ఉంది, గ్యాస్కెట్ పేస్టుతో. బిగించినవాడు పేస్టు ఎక్కువ పూశాడు. మరి పూస్తున్నప్పుడు పక్కన నిలబడి, "ఇంకొంచెం పుయ్యి తమ్ముడూ, కారకూడదు" అన్నది ఎవరు? నేనే. పాత వీడియోలో ఆ మాట వినిపిస్తుంది కూడా, వెళ్ళి చూసుకోండి. జీపు అన్నాక ఆయిల్ కారుతుందండీ. కారకుండా చేయబోయి కడుపు మాడ్చాను.

ఇంకో పొరపాటు, అది పూర్తిగా నాదే. కొత్తగా బిగించిన రోజు ఓవర్‌డ్రైవ్ బిరడా తీసి అందులోకి నేరుగా కొంచెం ఆయిల్ పోయాలి. కేసులో పోసింది అక్కడికి చేరేదాకా బేరింగులు పొడిగా తిరుగుతాయి మరి. నేను పోయలేదు. పోసిన ఆయిల్ కూడా షాపువాడు ఏది ఇస్తే అది. 90 నంబర్ అంటే సరిపోదు, అది చిక్కదనమే చెబుతుంది. డబ్బా మీద ఆయిల్ రకం చెప్పే గుర్తు జీఎల్-4 ఉందా, జీఎల్-5 ఉందా చూడాలి. జీఎల్-5లో కలిపే గంధకం మందులు, వేడి ఎక్కినప్పుడు ఇత్తడిని తింటాయి. ఇత్తడి రింగులూ వాషర్లూ ఉన్నచోట జీఎల్-4 మేలు.

మేస్త్రి మాటను పూర్తిగా ఒప్పుకోను కూడా. బరువు పాత్ర లేదంటే నమ్మను. కార్తీక మాసంలో వనభోజనాలకని గుండిగలు, గ్యాస్ బండలు ఎక్కించుకుని కోటప్పకొండ ఘాట్ ఎక్కాను. రెండో గేరు మరీ చిన్నది, మూడో గేరు లాగడం లేదు. మధ్యలో ఓవర్‌డ్రైవ్ వేసి రెండున్నర గేరు చేసుకున్నాను. అప్పుడు ఎంత గొప్పగా అనిపించిందో! కానీ ఈ యూనిట్ ఉన్నది గేర్‌బాక్స్ వెనక. నాలుగో గేరులో ఇంజిన్ బలం ఎంతో అంతే దీని మీద పడుతుంది. రెండో గేరులో ఆ బలాన్ని గేర్‌బాక్స్ ఇంకా పెంచి పంపుతుంది. ఆ పెంచిన బలమంతా మోసింది ఈ చూపుడువేలంత పిన్నులు. మిర్చి సీజన్ మొత్తం టిక్కీలతో ఇదే పని చేశాను. పోయింది ఖాళీ బండిలోనైనా, చావు ఘాట్ మీదే మొదలైంది. లెవర్ సన్నగా వణకడం, వదిలినప్పుడు కూత మారడం రెండు నెలల ముందే గమనించాను. పాత బండి కదా అని సరిపెట్టుకున్నాను.

అమ్మినవాళ్ళకు ఫోన్ చేస్తే, లోడ్ బండికి గ్యారంటీ వర్తించదన్నారు. పికప్‌కు అని చెప్పే కొన్నాను, రసీదులో కూడా పికప్ అనే ఉంది. పికప్ మీద లోడ్ కాక ఇంకేం వేస్తారండీ, పూలకుండీలా? స్లీవ్ విడిగా అమ్మరట, మొత్తం యూనిట్ కొనాలట. నా కోపమంతా ఇక్కడే. విడి భాగాలు దొరకని గేరు సామాను, ఎంత బాగా పనిచేసినా సరే, కొనకండి. పిన్నులు లేత్ షాపులో ఈఎన్ 36 ఉక్కుతో చేయించి గట్టిపరిపించుకోవచ్చు, సూదులు సైజు చెబితే ఆటోనగర్‌లో దొరుకుతాయి. స్లీవ్ పళ్ళు అలా కాదు. వెల్డింగ్ పెట్టి రాస్తానని ఒకాయన అన్నాడు. వద్దన్నాను. అది ఊడితే ఆ ముక్క ట్రాన్స్‌ఫర్ కేసునంతా నమిలేస్తుంది.

కాబట్టి బండిని పాత స్థితికి తెచ్చేశాం. అందుకు కావాల్సినవి మూడు: తీసేసిన పాత మెయిన్ గేరు, వెనక మూత, గ్యాస్కెట్. ఓవర్‌డ్రైవ్ వేయించుకున్న చాలామంది ఆ గేరును మెకానిక్ దగ్గరే వదిలేసి వస్తారు. నేను ఇంటికి తెచ్చాను. తెచ్చి ఎక్కడ పెట్టానో మర్చిపోయాను. ఇల్లంతా వెతికితే వంటింట్లో మాగాయ జాడీ మూత మీద బరువుగా కూర్చుని ఉంది! గ్రీజు మరకలని మా అమ్మ సబ్బుతో తోమేసిందట, దాంతో ఒక పక్క సన్నగా తుప్పు పట్టింది. మేస్త్రి ఎమెరీ పేపరుతో రుద్ది, వాసన చూసి నవ్వాడు. అరపూట పని. ఆయిల్‌తో కలిపి 2,900 అయింది.

మీకు ఓవర్‌డ్రైవ్ పనికొస్తుందా అంటే, బండి ఎక్కువగా ఖాళీగా, చదును రోడ్డు మీద తిరుగుతుంటే పనికొస్తుంది. నాలుగో గేరులో మాత్రమే వేయండి, ఎత్తు రాగానే తీసేయండి. రోజూ బరువు మోసే బండైతే ఐదు గేర్ల బాక్స్ వేయించుకోవడం నయం, ఖర్చు ఎక్కువైనా సరే. క్రౌన్ పినియన్ మార్చమని కూడా కొందరంటారు. ఫోర్ వీల్ వాడేవాళ్ళు ముందూ వెనకా రెండూ మార్చాలి, లేకపోతే ఒకదాన్నొకటి పీక్కుంటాయి. పైగా స్పీడోమీటర్ కూడా తప్పుతుంది.

నా బండి ప్రస్తుతానికి మళ్ళీ 60లోనే అరుస్తోంది. ఓవర్‌డ్రైవ్ లెవర్ తీసేశాక ఫ్లోర్‌లో కన్నం మిగిలింది, ఇదిగో, సైకిల్ ట్యూబు ముక్క పెట్టి రెండు స్క్రూలు బిగించాను. మేస్త్రి రేకు వెల్డింగ్ చేసేస్తానన్నాడు. వద్దులే మేస్త్రీ, స్క్రూలు చాలు అన్నాను. ఆయన నా మొహం వంక చూసి, ఇంకేం అడగలేదు.