టార్చిలైటు సెల్లు కొనేముందు

శ్రోతలకు నమస్కారం.

రాత్రి త్రీఫేజు కరెంటు ఎప్పుడిస్తే అప్పుడు పొలానికి వెళ్లి మోటారు వేసే రైతు, అడవిపందులు పడకుండా చేను కాసే కుర్రాడు, వేటకెళ్లే మత్స్యకారుడు, అపార్ట్‌మెంటు వాచ్‌మన్... వీళ్లందరి దగ్గరా ఇప్పుడు ఎల్ఈడీ టార్చి ఉంటోంది, లేదంటే తలకు కట్టుకునే లైటు. వెలుతురు బ్రహ్మాండంగా వస్తోంది. ఆ వెలుతురునిచ్చే సెల్లు ఏమిటో మాత్రం అమ్మేవాళ్లు చెప్పరు, కొనేవాళ్లు అడగరు. పాములు తిరిగే గట్టు మీద టార్చి ఉన్నట్టుండి ఆరిపోయినా ప్రమాదమే, ఇంట్లో చార్జింగుకు పెట్టిన సెల్లు అంటుకున్నా ప్రమాదమే. ఈ రెండూ జరగకుండా లిథియం సెల్లు ఎలా ఎంచుకోవాలో ఈ పూట చెప్పుకుందాం.

టార్చిల్లో ఎక్కువగా వాడేది 18650 అనే లిథియం అయాన్ సెల్లు. ఆ అంకెలోనే కొలతలున్నాయి. 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవు, చివరి సున్న అది గుండ్రటి గొట్టం అని చెప్పే గుర్తు. దానికంటే కాస్త పెద్దది 21700, అంటే 21 మిల్లీమీటర్ల మందం, 70 పొడవు. లిథియం అయాన్ సెల్లును 1991లో సోనీ కంపెనీ మార్కెట్లోకి తెచ్చింది. దానికి దారివేసిన గుడినఫ్, విటింగ్‌హామ్, యోషినో అనే ముగ్గురు శాస్త్రవేత్తలకు 2019లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. మంచి 18650 సెల్లు ఒక్కటి 12 వాట్ అవర్ల దాకా శక్తిని పట్టి ఉంచుతుంది. మనం గడియారంలో వేసే పెన్ను సైజు సెల్లుల్లో చార్జింగువి ఉంటాయి చూడండి, వాటిలో ఒకదాని శక్తికి ఇది నాలుగైదు రెట్లు.

అంత శక్తి అంత చిన్న డబ్బాలో ఉండడం వల్లే జాగ్రత్త కావాలి. లోపల ప్లస్ రేకు, మైనస్ రేకు చుట్టలా చుట్టి ఉంటాయి. వాటి మధ్య అడ్డుగా ఉండేది వెంట్రుక కన్నా పలచని ప్లాస్టిక్ పొర. ఆ చుట్టంతా నానేది మండే గుణమున్న ద్రవంలో. ఆ పొర ఎక్కడైనా చిరిగినా, వేడికి కరిగినా రెండు రేకులూ తగులుకుంటాయి. లోపల వేడి పుడుతుంది, ఆ వేడి ఇంకా వేడిని పుట్టిస్తుంది, ఇక దాన్ని ఆపడం కష్టం. పేరున్న కంపెనీలు తయారీలో దుమ్ము రేణువు కూడా పడకుండా చూసుకునేది ఇందుకే. ఒత్తిడి పెరిగితే కరెంటును తెంచేసే ఏర్పాటు, గ్యాసు బయటికి పోయే దారి కూడా డబ్బా లోపలే పెడతాయి. చౌక సరుకులో ఇవి ఉన్నాయో లేవో పైనుంచి చూసి చెప్పలేం.

కొనేవాళ్లను ఎక్కువగా మోసం చేసేది సెల్లు మీద పెద్ద అక్షరాల్లో వేసే ఎంఏహెచ్, అంటే మిల్లీ యాంపియర్ అవర్ల అంకె. ఎంత కరెంటును ఎంతసేపు ఇవ్వగలదో చెప్పే లెక్క అది. 3000 ఎంఏహెచ్ సెల్లు ఒక యాంపియర్ చొప్పున మూడు గంటలు ఇస్తుంది. మార్కెట్లో 6800 అనీ, 8800 అనీ, 9900 అనీ ముద్రించిన 18650 సెల్లులు బోలెడు దొరుకుతాయి. అవన్నీ అబద్ధాలు. ప్రపంచంలోని అతిపెద్ద కంపెనీలు ఎన్నో ఏళ్లు శ్రమించి ఆ సైజులో తేగలిగింది సుమారు 3500. డబ్బా సైజు మారదు కాబట్టి అందులో పట్టే రసాయనానికీ ఒక హద్దుంటుంది. మీ చేతిలో ఉన్న 18650 సెల్లు మీద 4000 బాగా దాటిన అంకె కనిపిస్తే, దాన్ని తయారుచేసినవాడు మొదటి మాటలోనే అబద్ధమాడాడని అర్థం. అలాంటివాడు లోపల ప్లాస్టిక్ పొర విషయంలో నిజాయితీగా ఉంటాడని నేను నమ్మను.

ఇంట్లోనే చేసుకోగల పరీక్ష ఒకటుంది. కిరాణా కొట్టులో డిజిటల్ కాటా మీద గానీ, బంగారం కొట్టులో గానీ సెల్లును తూచండి. అసలైన 18650 దాదాపు 45 నుంచి 50 గ్రాములు తూగుతుంది. 30 గ్రాములకు అటూ ఇటూగా తూగిందంటే అది దొంగ సరుకే. అలాంటివి కోసి చూసినవాళ్లకు లోపల చిన్న సెల్లు, దాని చుట్టూ ఖాళీ నింపడానికి పోసిన పొడి కనిపించాయి. అయితే బరువు సరిపోయినంత మాత్రాన సెల్లు మంచిదని కాదు. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీల్లోంచి తీసిన అరిగిపోయిన సెల్లులకు కొత్త ప్లాస్టిక్ తొడుగు వేసి అమ్మేవాళ్లున్నారు. అవి తూకంలో నిక్కచ్చిగా ఉంటాయి, పనిలో మాత్రం చేతులెత్తేస్తాయి.

ఎంఏహెచ్ తర్వాత చూడాల్సింది యాంపియర్లు, అంటే ఆగకుండా ఎంత కరెంటు ఇవ్వగలదు అన్నది. నన్నడిగితే టార్చికి ఇదే ముఖ్యం. ఈ రెండిటికీ పడదు. రేకు మీద రసాయనం మందంగా పూస్తే నిల్వ పెరుగుతుంది, కరెంటు వేగం తగ్గుతుంది. పలచగా పూస్తే వేగం పెరుగుతుంది, నిల్వ తగ్గుతుంది. శాంసంగ్ 35ఈ అనే సెల్లులో 3500 ఎంఏహెచ్, 8 యాంపియర్లు. అదే కంపెనీ 30క్యూలో 3000 ఎంఏహెచ్, 15 యాంపియర్లు. తైవాన్ కంపెనీ మోలిసెల్ చేసే పీ42ఏ 21700 సైజుది, 4200 ఎంఏహెచ్, 45 యాంపియర్లు. ఇవి కంపెనీలే ఇచ్చే లెక్కలు.

మీ టార్చికి ఎంత కావాలో చూసుకోండి. వెలుతురును ల్యూమెన్లలో కొలుస్తారు. వెయ్యి ల్యూమెన్ల వెలుతురు కావాలంటే సుమారు మూడు యాంపియర్లు చాలు. పొలం గట్టు మీద నడవడానికి అందులో మూడో వంతు వెలుతురైనా సరిపోతుంది. కాబట్టి మామూలు టార్చికి 8 యాంపియర్ల సెల్లు హాయిగా చాలు, నిల్వ ఎక్కువున్నది తీసుకుంటే రాత్రంతా వెలుగుతుంది. ఒక్క సెల్లుతో మూడు నాలుగు వేల ల్యూమెన్లు కొట్టే టార్చిలు వేరే జాతి. అవి పది పదిహేను యాంపియర్లు లాగుతాయి. వాటిలో తక్కువ యాంపియర్ల సెల్లు వేస్తే వోల్టేజి జారిపోతుంది, సెల్లు వేడెక్కుతుంది, వెలుతురు నిమిషాల్లో మసకబారుతుంది. వాటికి ఆ టార్చిలో పట్టే సైజులో ఎక్కువ యాంపియర్ల సెల్లే వేయాలి.

రక్షణ సర్క్యూటు సంగతి చెప్పాలి. ప్రొటెక్టెడ్ అని రాసి ఉన్న సెల్లులకు అడుగున చిన్న గుండ్రటి సర్క్యూటు ఉంటుంది. చార్జింగు మితిమీరినా, సెల్లు మరీ ఖాళీ అయిపోతున్నా, షార్టు అయినా అది కరెంటును తెంచేస్తుంది. దీనివల్ల సెల్లు నాలుగైదు మిల్లీమీటర్లు పొడుగవుతుంది, మీ టార్చిలో పడుతుందో లేదో ముందే చూసుకోవాలి. ఎక్కువ కరెంటు లాగే టార్చిలో ఆ సర్క్యూటు మధ్యలో తెగి చీకటి చేసే అవకాశమూ ఉంది. అయినా సరే, ఇంట్లో వాడకానికి ప్రొటెక్టెడ్ సెల్లే కొనమని గట్టిగా చెబుతాను. రక్షణ లేని విడి సెల్లును కంపెనీలు మన జేబులో వేసుకోవడానికి చేయలేదు. సర్క్యూటుతో కలిపి బ్యాటరీ ప్యాకుల్లో బిగించడానికి చేశాయి. అమెరికాలో వినియోగ వస్తువుల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ కూడా విడి 18650 సెల్లులు కొనవద్దని 2021 జనవరిలో జనాన్ని హెచ్చరించింది. టార్చి తయారుచేసిన కంపెనీయే తన పేరుతో ఇచ్చే ప్రొటెక్టెడ్ సెల్లు అన్నిటికన్నా మేలు. వంద రెండు వందలు ఎక్కువైనా పరవాలేదు.

మన దేశంలో ఇలాంటి లిథియం బ్యాటరీలకు ఐఎస్ 16046 అనే ప్రమాణం, వస్తువుల నాణ్యతా ప్రమాణాలు చూసే బీఐఎస్ అనే జాతీయ సంస్థ రిజిస్ట్రేషను ఉన్నాయి. ఆర్ అనే అక్షరంతో మొదలయ్యే నంబరు ముద్రించి ఉంటే, బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి అది నిజమైనదో కాదో చూసుకోవచ్చు.

ఒక సెల్లును చేతిలోకి తీసుకుని ప్లస్ వైపు చూడండి. మధ్యలో గుండీలాంటి భాగమే ప్లస్. దాని చుట్టూ ఉన్న అంచు, కింద డబ్బా మొత్తం మైనస్. రెండింటి మధ్య దూరం ఒకటి రెండు మిల్లీమీటర్లే. ఆ అంచును కప్పి ఉంచేది పైనున్న పలచని ప్లాస్టిక్ తొడుగు, దాని కింద ఒక చిన్న కాగితం రింగు. టార్చిలో వేసి తీసేటప్పుడు తొడుగు చిరిగేది సరిగ్గా ఆ అంచు దగ్గరే. చిరిగిన చోట ఇనుము తగిలితే నేరుగా షార్టే. పదుల యాంపియర్లు ఒక్కసారిగా పారుతాయి. తాళాలు, చిల్లర ఉన్న జేబులో విడి సెల్లు వేసుకున్నవాళ్ల తొడలు కాలిన సంఘటనలు ఉన్నాయి. పది ఇరవై రూపాయల ప్లాస్టిక్ డబ్బీ కొని సెల్లును అందులోనే పెట్టండి. తొడుగు చిరిగిన సెల్లును వాడకండి.

చార్జరు కూడా సెల్లంత ముఖ్యమైనదే. లిథియం అయాన్ సెల్లు నిండినప్పుడు 4.2 వోల్టులు. మంచి చార్జరు అక్కడికి రాగానే కరెంటు తగ్గించుకుంటూ వచ్చి ఆపేస్తుంది. చౌక టార్చితో పాటు వచ్చే కొన్ని చార్జర్లకు ఆపడమే తెలియదు. ఊళ్లో ఎలక్ట్రీషియన్ దగ్గర మల్టీమీటరు ఉంటుంది. చార్జరులో పచ్చలైటు వెలిగాక సెల్లును కొలిపించండి. 4.25 దాటి చూపిస్తే ఆ చార్జరును మళ్లీ వాడొద్దు. రాత్రి పడుకునేటప్పుడు మంచం పక్కన, దిండు కింద, బట్టల మధ్య చార్జింగు పెట్టకండి. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో, విజయవాడలో ఇంట్లో చార్జింగు పెట్టిన స్కూటర్ బ్యాటరీలు పేలి ప్రాణాలు పోయాయి. స్కూటర్ బ్యాటరీ ఎంతో పెద్దది, నిజమే. కానీ టార్చి సెల్లు అదే కుటుంబానికి చెందింది. మెలకువగా ఉన్నప్పుడు, గచ్చు మీద, చుట్టూ ఏమీ లేని చోట పెట్టుకోండి.

మన ఎండలు కూడా దీనికి గిట్టవు. చాలా సెల్లులకు చార్జింగు వేళ 45 డిగ్రీలు దాటకూడదని కంపెనీలే చెబుతాయి. రోహిణీ కార్తెలో రేకుల మోటారు షెడ్డులోనో, ఎండలో నిలిపిన కారులోనో టార్చి వదిలేస్తే సెల్లు ఆయుష్షు కరిగిపోతుంది. నెలల తరబడి వాడకపోతే సగం చార్జింగుతో నీడలో ఉంచండి. పూర్తిగా ఖాళీ అయి 2.5 వోల్టుల కన్నా బాగా కిందికి పడిపోయిన సెల్లును మళ్లీ బతికించాలని చూడకండి. లోపల రాగి కరిగి పేరుకుని, తర్వాత చార్జింగులో షార్టు కావచ్చు.

రెండు మూడు సెల్లులు వరుసగా వేసే టార్చిల్లో ఒకటి కొత్తది, ఒకటి పాతది కలిపితే బలహీనమైన సెల్లు ముందే ఖాళీ అయి, మిగతావి దానిలోంచి కరెంటును బలవంతంగా తోసి దాని ప్లస్, మైనస్‌లను తిరగేస్తాయి. అందుకే ఒకే సెల్లుతో పనిచేసే టార్చి నాకు ఇష్టం. ఇంట్లో పిల్లలు, పెద్దవాళ్లు వాడే టార్చికైతే లిథియం గొడవే అక్కర్లేదు. పెన్ను సైజు నికెల్ సెల్లులు, అంటే ఎన్ఐఎంహెచ్ రకం చార్జింగువి, వెలుతురు కాస్త తక్కువిస్తాయి గానీ ఇంత కనిపెట్టుకుని ఉండాల్సిన పని లేదు.

సెల్లు ఉత్తినే వేడెక్కుతున్నా, ఉబ్బినా, ఘాటైన తియ్యని వాసన వచ్చినా పట్టుకుని చూడకండి. వీలైతే ఆరుబయట పడేసి దూరం జరగండి, ఆ పొగ పీల్చకండి, అది విషం. పక్కన అంటుకునేవి ఉంటే బకెట్లతో నీళ్లు పోసి చల్లబరచండి.

పనికిరాని సెల్లుకు రెండు చివరలా ప్లాస్టిక్ టేపు అంటించి విడిగా ఉంచండి. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాటిని తిరిగి సేకరించే బాధ్యత తయారీదారులది, దిగుమతిదారులది. కొన్న దుకాణంలో అడగండి, లేదా ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇవ్వండి. టేపు లేకుండా చెత్తబండిలో వేస్తే, ఏ ఇనుప ముక్కో తగిలి బండిలోనే అంటుకునే ప్రమాదముంది.

నమస్కారం.