పిన్నికి సిమెంటు పూస్తారా? – పిల్లల డాక్టర్‌తో ఫోన్-ఇన్

యాంకర్: నమస్కారం. పిల్లలు మాటల్ని వినే తీరు గురించి ఈరోజు పిల్లల డాక్టర్ గారు మాట్లాడతారు. తణుకు నుంచి ఒక అమ్మమ్మగారు లైన్లో ఉన్నారు. చెప్పండమ్మా.

కాలర్: నమస్కారం డాక్టరమ్మా. మా మనవరాలికి నాలుగేళ్లు. మొన్న మా రెండో అమ్మాయికి ఏడో నెలలో సీమంతం చేశాం. వారం ముందు నుంచీ ఇంట్లో అదే మాట. పిల్లేమో దాన్ని ‘సిమెంటు’ అని విన్నదండి. మా ఎదురుగా ఇల్లు కడుతున్నారు. మేస్త్రీ గోడకి సిమెంటు పూయడం రోజూ చూస్తోంది. ఆ రోజు ముత్తయిదువలు పిన్ని చేతులకు గంధం పూస్తుంటే, “వద్దు, ఎండిపోతే పిన్ని కదల్లేదు!” అని ఒకటే ఏడుపు.

డాక్టర్: అయ్యో, బంగారు తల్లి!

కాలర్: అందరం పడీపడీ నవ్వాం. ఇప్పుడు ఎవరొచ్చినా “ఆ సిమెంటు కథ చెప్పవే” అంటారు. రెండు రోజులుగా పిల్ల కొత్తవాళ్ల ముందు నోరు విప్పడం లేదు. దానికి సరిగ్గా వినబడటం లేదేమోనని ఒక టెన్షన్, మేం నవ్వి బాధపెట్టామేమోనని ఇంకో టెన్షన్.

డాక్టర్: పక్కగదిలోంచి మెల్లగా పిలిస్తే పలుకుతుందా?

కాలర్: చాక్లెట్ కాగితం చప్పుడైనా పరిగెత్తుకొస్తుందండి.

డాక్టర్: అయితే చెవుల గురించి అంత భయం వద్దు. మాట్లాడేటప్పుడు మనం మాటకూ మాటకూ మధ్య ఆగం. “వాడెక్కడున్నాడు” అంటాం. అందులో మూడు మాటలున్నాయని పిల్లలే విడదీసుకోవాలి. తెలియని మాట వినబడితే, తెలిసినవాటిలో దానికి దగ్గరగా ఉన్నది పెట్టుకుంటారు. పాపకు సీమంతం తెలియదు, సిమెంటు తెలుసు. పైగా రెండుచోట్లా పూయడమే చూసింది. పిన్ని రాయిలా బిగుసుకుపోతుందని నిజంగా భయపడిందమ్మా.

ఆ కథ పాప ముందు చెప్పడం, పాపతో చెప్పించడం ఇవాళే ఆపేయండి. “తప్పు, అలా కాదు” అని కూడా అనకండి. ఫోటోలు చూపిస్తూ “ఇది పిన్ని సీమంతం, గాజులు తొడిగాం, గంధం పూశాం” అని మామూలుగా చెప్పండి. కాస్త గంధం తన చేతికీ పూసి, తననే కడుక్కోనివ్వండి. పోతుందని తెలిస్తే మనసు కుదుటపడుతుంది.

కాలర్: సాయంత్రమే గంధం తీస్తానమ్మా.

యాంకర్: కరీంనగర్ నుంచి ఒక నాన్నగారు.

కాలర్: నమస్తే మేడం. మా బాబుకు ఐదేండ్లు. ఏం చెప్పినా “ఏందీ?” అంటడు. పాలు తాగమంటే బాలు పట్టుకొస్తడు. మేమూ నవ్వుకునేవాళ్లం.

డాక్టర్: జలుబు తరచూ వస్తుందా? టీవీ సౌండ్ పెంచుతాడా?

కాలర్: నెలనెలా జలుబే. టీవీ ముందుకే పోయి కూర్చుంటడు.

డాక్టర్: అయితే దీన్ని నవ్వి వదిలేయకండి. జలుబు తర్వాత కర్ణభేరి వెనక నీరు చేరితే, నొప్పి లేకుండానే వినికిడి మందగించవచ్చు. చాలామందికి మూడు నెలల్లో దానంతటదే తగ్గుతుంది. అయినా ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించండి. కర్ణభేరి సరిగ్గా కదులుతోందో లేదో చూసే టింపనోమెట్రీ అనే పరీక్ష కొద్ది నిమిషాల పని, నొప్పి ఉండదు. 2013లో మొదలైన ఆర్‌బీఎస్‌కే, అంటే పిల్లల ఆరోగ్యం కోసం సర్కారు నడిపే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలకూ సర్కారు బడులకూ వచ్చే వైద్య బృందం కూడా వినికిడి లోపం చూస్తుంది. ఈలోగా చెవిలో నూనె పోయకండి, బడ్స్ పెట్టకండి. బాబుకు ఎదురుగా కూర్చుని మాట్లాడండి.

కాలర్: స్కూల్లో ముందు బెంచీల కూర్చోబెట్టమని చెప్పాల్నా మేడం?

డాక్టర్: రేపు పొద్దున్నే చెప్పండి.