బిల్లు చూపించండమ్మా

శ్రోతలకు నమస్కారం.

పండగ ముందు రాజమండ్రిలోనో భీమవరంలోనో చీరల షాపుకి వెళ్లారనుకోండి. గుమ్మంలోనే ఒకాయన “రండమ్మా, రండి బాబాయ్” అంటాడు. పరుపు మీద కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, చీర మీద చీర విప్పి పడేస్తాడు. ఒక్కటీ నచ్చలేదన్నా మొహం చిట్లించడు, కనీసం మన ఎదురుగా. తీరా ఒకటి ఎంచుకున్నాక మాత్రం దాన్ని మన చేతికివ్వడు, చీటీ రాసిస్తాడు. ఆ చీటీతో క్యాష్ కౌంటర్‌కి వెళ్లి డబ్బు కట్టాలి, ముద్ర వేయించుకోవాలి, డెలివరీ కౌంటర్లో చూపించాలి. అప్పుడు గానీ ప్యాకెట్టు రాదు. ఆలోచిస్తే ఇదంతా తనిఖీయే. అయినా “నన్ను అనుమానించారు” అని ఏ ఇల్లాలూ బాధపడగా నేను వినలేదు.

అదే సూపర్ మార్కెట్లో డబ్బు కట్టేసి బయటికొస్తుంటే, గార్డు “బిల్లేదీ?” అనగానే మనసు చివుక్కుమంటుంది. చీరల షాపులో సరుకు మన చేతికి రాకముందే లెక్క తేలిపోతుంది. ఇక్కడ అది మనదైపోయాక, నలుగురి ముందు అడుగుతారు.

ఈ తంటా సెల్ఫ్ సర్వీసుతో పాటే వచ్చింది. 1916లో అమెరికాలోని మెంఫిస్‌లో క్లారెన్స్ సాండర్స్ అనే వ్యాపారి, కొనేవాళ్లే అరల్లోంచి సరుకు తీసుకునే కొట్టు పెట్టాడు. అంతకుముందు అక్కడా మన కిరాణా కొట్లలాగే, అడిగింది కొట్టువాళ్లు తీసిచ్చేవారు. సరుకు జనం చేతికి అందాక, గుమ్మం దగ్గర కాపలా తప్పలేదు.

షాపువాళ్ల బాధ కూడా ఉత్తిది కాదు. లెక్కల్లో ఉన్న సరుకు అరల్లో ఉండదు. అందులో కొనేవాళ్ల చేతివాటం కొంత. లోడు దింపేటప్పుడే తగ్గినవి, బిల్లింగ్ పొరపాట్లు, తెలిసినవాళ్లొస్తే స్కాన్ చెయ్యకుండా సంచిలో వేసేసే క్యాషియర్లు, ఇవన్నీ మరికొంత. అంటే గుమ్మం దగ్గర బిల్లు చూడటం సొంత కౌంటర్‌ని కనిపెట్టుకోవడం కూడా. బిల్లు మీద పెన్నుతో గీసే గీత, పొడిచే చిల్లు, అదే బిల్లుతో ఇంకోసారి ఎవరూ సరుకు పట్టుకుపోకుండా. ఈ మాట ఒక బోర్డు మీద రాసి పెడితే వచ్చేవాళ్ల కోపం సగం తగ్గుతుంది. ఎందుకో రాయరు.

ఆ మధ్య మన డెల్టాలోనే ఒక ఊళ్లో, ఏ షాపైతే ఏం లెండి, గుమ్మం దగ్గర చూశాను. కారు తాళం వేలికి తిప్పుకుంటూ ఒకాయన ట్రాలీ నిండా సరుకుతో వచ్చాడు. గార్డు బిల్లు మీద గీత గీసి తలుపు తీశాడు. వెనకే ఒక పెద్దావిడ, లంక ఊరి నుంచి వచ్చినట్టుంది, చేతిలో గళ్ల సంచి. గార్డు కుర్రాడు ఆ సంచిలో చెయ్యి పెట్టి ఒక్కొక్కటీ బల్ల మీద పరిచాడు. సబ్బులు, నూనె ప్యాకెట్టు, మినప్పప్పు, వాటితో పాటు ఆవిడ బీపీ మాత్రల కవరూ పైకొచ్చింది. వెనక లైను పెరుగుతోంది. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది.

బిల్లులో 11 ఉన్నాయి, బల్ల మీద 10. పసుపు ప్యాకెట్టు ఒకటే, బిల్లులో రెండు పడ్డాయి. అంటే షాపే ఆవిడ దగ్గర ఎక్కువ పుచ్చుకుంది! ఆ కుర్రాడు మళ్లీ లెక్కపెట్టి, “సర్లే, వెళ్లమ్మా” అన్నాడు. సంచిలో ఎక్కువుంటే దొంగతనం, తక్కువుంటే సర్లే. “పసుపు డబ్బులు ఇప్పించు బాబూ” అన్నాను. “అది నా పని కాదండి, కౌంటర్లో అడగండి” అన్నాడు.

కుర్రాణ్ని అనుకుని లాభం లేదు. ఇలాంటి గార్డుల్లో చాలామంది షాపు మనుషులు కూడా కాదు, ఏజెన్సీ పంపినవాళ్లు. రోజంతా నిలబడే డ్యూటీ. ఎవర్ని ఆపాలన్నది అతని కంటికి వదిలేస్తే చెప్పుల్ని చూసి, చీరని చూసి, యాసని చూసి ఆపుతాడు. ఆ వదిలేసింది యాజమాన్యం. చూస్తే అందరి బిల్లూ చూడండి, లేదా ఎవరిదీ చూడొద్దు.

అమెరికాలో పిల్లలున్న ఇళ్లు మన జిల్లాల్లో తక్కువేం కాదు. అక్కడ సభ్యత్వం ఉన్నవాళ్లకే అమ్మే కాస్ట్‌కో అనే పెద్ద షాపుకి వెళ్లినవాళ్లు చెబుతారు, అక్కడ బయటికొచ్చే ప్రతివాళ్ల బిల్లూ చూస్తారని. చూస్తామని సభ్యత్వం నిబంధనల్లోనే రాసి ఉంటుంది. కొన్నవాళ్ల దగ్గర సరైన డబ్బే తీసుకున్నామా అని చూడటం కూడా ఆ తనిఖీలో భాగమని ఆ సంస్థే చెబుతుంది. మన పెద్దావిడ పసుపు డబ్బులు అక్కడైతే వచ్చేవేమో.

మరి మన దగ్గర గార్డు ఎంతవరకు వెళ్లొచ్చు? బిల్లు అడగొచ్చు. కానీ అతనికి పోలీసు అధికారాలు లేవు. ఒంటి మీద చెయ్యి వేసి వెతకడానికి వీల్లేదు. అకారణంగా దారికి అడ్డం నిలబడి కదలనివ్వకపోతే, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 126వ సెక్షన్ కింద అది నేరం. నిజంగా అనుమానముంటే సీసీ కెమెరా చూసుకోవాలి, పోలీసులకు ఫోన్ చెయ్యాలి. బట్టల షాపులో గేటు బీప్‌మందని టెన్షన్ పడకండి, క్యాషియర్ ట్యాగు తీయడం మరచిపోయినా అది మోగుతుంది.

సంచి చూపించాల్సి వస్తే మీరే విప్పి చూపించండి. మాట తేడాగా ఉంటే గార్డుతో కాదు, మేనేజర్‌తో మాట్లాడండి. గుమ్మం దాటకముందే బిల్లు మీరూ ఒకసారి చదువుకోండి. ఎక్కువ వేసి తిరిగి ఇవ్వకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యండి, తెలుగులోనే మాట్లాడొచ్చు. అక్కడా తేలకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కి వెళ్లొచ్చు. గడువు రెండేళ్లు, 5 లక్షల లోపు కొనుగోలుకి ఫీజు లేదు, లాయర్ని పెట్టుకోవాలన్న నియమమూ లేదు. అన్నట్టు, ఆ బిల్లు కాగితం మీద అచ్చు కొన్నాళ్లకి వెలిసిపోతుంది. ఇంటికి రాగానే ఫోన్లో ఒక ఫొటో తీసి ఉంచుకోండి.

నమస్కారం.